టెట్రా పిల్లలు కావాలంటే ముందు సీసా పెట్టండి

"మా టెట్రాలు గుడ్లు పెట్టాయి, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగేవాళ్ళకి నేనిచ్చే జవాబు నచ్చదు. ఇప్పుడు చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు, చెయ్యాల్సిందంతా రెండు వారాల కిందటే చెయ్యాల్సింది అంటాను. టెట్రా అంటే ఇంట్లో అద్దాల ట్యాంకులో పెంచుకునే చిన్న చేప. దాని గుడ్డు ఒక రోజులో పొదుగుతుంది. ఇంకో నాలుగైదు రోజులకి పిల్ల ఈదుతుంది. ఆ రోజు నుంచి దాని నోట్లో పట్టేంత చిన్న మేత నీళ్ళలో ఉండాలి. లేకపోతే రెండు మూడు రోజుల్లో ట్యాంకు ఖాళీ. ఆ మేత చిక్కగా తయారవడానికేమో వారం, పది రోజులు పడుతుంది. అందుకే నేను ఎవరికి చెప్పినా వెనక నుంచి చెబుతాను: ముందు పిల్లల మేత, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తల్లిదండ్రులు.

అయితే ఇదంతా పెద్ద చేపలు ఆరోగ్యంగా, తిని, రంగు తేలి ఉన్నప్పటి మాట. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఏ టెట్రా?

టెట్రా అనగానే అందరికీ గుర్తొచ్చేది నియాన్. దాని ఎర్ర చార పొట్ట మధ్య నుంచి తోక దాకా మాత్రమే ఉంటుంది. ఎరుపు తల దగ్గర నుంచి తోక దాకా ఉంటే అది కార్డినల్. రెండూ దక్షిణ అమెరికావే. నియాన్ అమెజాన్ ఎగువ ప్రాంతాల సెలయేళ్ళది, కార్డినల్ రియో నెగ్రో, ఒరినోకో నదుల వైపుది. పెంచేవాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇప్పుడు దొరికే నియాన్‌లు దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే, తరతరాలుగా మామూలు నీళ్ళకి అలవాటు పడ్డవి. కార్డినల్స్‌లో నది నుంచి పట్టి తెచ్చినవి ఇప్పటికీ చాలా ఉంటాయి. వాటికి మెత్తటి నీళ్ళు, అంటే లవణాలు తక్కువున్న నీళ్ళు కావాలి, వేడి కూడా కాస్త ఎక్కువే కావాలి. నియాన్‌కి 22 నుంచి 25 డిగ్రీలు హాయి, కార్డినల్‌కి 25 నుంచి 28. మీ గదిలో నీళ్ళు తరచూ 28 దాటుతుంటే నియాన్ జోలికి పోకండి. చచ్చిపోకపోవచ్చు గానీ ఎప్పుడూ నీరసంగా ఉంటుంది, బతకాల్సినన్నాళ్ళు బతకదు.

పిల్లల్ని తీయడం మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి నేను నియాన్ చెప్పను. బ్లాక్ స్కర్ట్ చెబుతాను. కొందరు దీన్నే బ్లాక్ విడో అంటారు. చూడ్డానికి నల్లగా, కొంచెం మొరటుగా, అయిదారు సెంటీమీటర్లు పెరుగుతుంది. నీళ్ళ విషయంలో పట్టింపు తక్కువ, గుడ్లు వందల్లో పెడుతుంది. ఒక అవలక్షణం ఏంటంటే పొడుగు రెక్కల చేపలు కనిపిస్తే కొరుకుతుంది, కాబట్టి గప్పీలతోనో ఏంజెల్ చేపలతోనో వెయ్యకండి. దీని తర్వాత గ్లోలైట్, లెమన్. నా మనసుకి నచ్చింది మాత్రం గ్లోలైటే. గయానాలోని ఎస్సెక్విబో నది చేప, ఒంటి మీద నిప్పు రంగు గీత ఒక్కటి తప్ప ఏ ఆర్భాటమూ ఉండదు. చిన్న ట్యాంకు ఉన్నవాళ్ళకి ఎంబర్ బాగుంటుంది. రెండు సెంటీమీటర్లే, ఒళ్ళంతా నారింజ రంగు.

ఏది తీసుకున్నా కనీసం పది. మూడూ నాలుగూ కొనుక్కొస్తే అవి మూల నక్కి ఉంటాయి, లేదంటే ఒకదాన్ని ఒకటి తరుముకుంటాయి. "రెండు రెండు చొప్పున అయిదు రకాలు" అనే ఆశ అందరికీ ఉంటుంది. ఆ ఆశ చంపుకోండి. ఒకే రకం పది ఉంటే ట్యాంకు నిండుగా కనిపిస్తుంది, చేపలకీ ధైర్యంగా ఉంటుంది.

ఉండే ట్యాంకు

పది నియాన్‌లకి 60 సెంటీమీటర్ల పొడవు, 50, 60 లీటర్ల నీళ్ళు చాలు. ఎంబర్‌లకి 40 లీటర్లలో సరిపెట్టొచ్చు. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, ఇవి అడ్డంగా ఈదే చేపలు. కింద నల్ల ఇసుక వేస్తే రంగు తేలుతుంది. తెల్ల గులకరాళ్ళు వేస్తే అదే చేప వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వెనక మొక్కలు దట్టంగా, ముందు ఖాళీగా, పైన కొన్ని తేలే మొక్కలు. పై నుంచి నేరుగా వెలుగు పడటం వీటికి ఇష్టముండదు. మూత తప్పనిసరి. బెదిరితే ఎగురుతాయి. ఫిల్టర్ పైపు దగ్గరున్న చిన్న సందులోంచి కూడా బయటపడతాయి.

కొత్త ట్యాంకులో టెట్రా వెయ్యకూడదు. చేప విసర్జించే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నా చూపించేదాకా ఆగండి. నియాన్, కార్డినల్ అయితే ఆ తర్వాత ఇంకో నెల ఆగమంటాను. అద్దం మీద కాస్త పాచి, ఆకుల మీద కాస్త నాచు పట్టిన పాత ట్యాంకులోనే ఇవి నిలదొక్కుకుంటాయి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఒక రోజు తెరిచి ఉంచితే పోతుంది గానీ, క్లోరమిన్ కలిపితే అలా పోదు. దానికి డీక్లోరినేటర్ వాడాల్సిందే. వారానికి పాతిక శాతం నీళ్ళు మార్చండి. వేడిలోనూ పీహెచ్‌లోనూ తేడా రాకుండా చూసుకోండి.

పీహెచ్ గురించి అందరికీ అనవసరమైన టెన్షన్. ఆరు నుంచి ఏడున్నర దాకా ఎంతున్నా, అది రోజూ మారకుండా ఉంటే చాలు, పెద్ద చేపలు బాగానే ఉంటాయి. పీహెచ్ తగ్గించే మందు సీసాలు కొనకండి. నీళ్ళలో కార్బొనేట్ గట్టిదనం, అంటే కేహెచ్, ఎక్కువుంటే మందు పోసిన పూట తగ్గి మర్నాటికి మళ్ళీ ఎక్కుతుంది. ఆ ఎక్కి దిగడమే చేపని చంపేది.

కొనేటప్పుడు

షాపులో ట్యాంకు ముందు అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. గుంపుకి దూరంగా ఒక్కటే తిరిగేది, పొట్ట లోపలికి పోయింది, చార మధ్యలో తెల్లగా పాలిపోయిన మచ్చ ఉన్నది, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ట్యాంకులో మిగతావాటిని కూడా కొనకండి. లోడ్ ఎప్పుడొచ్చిందని అడగండి. నిన్నో మొన్నో వచ్చిందంటే వారం తర్వాత వెళ్ళండి. చావాల్సినవి ఈలోపు అక్కడే చస్తాయి.

తెచ్చిన చేపల్ని మూడు, నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచాలి. నియాన్‌లకి ఒక జబ్బుంది, దాని పేరే నియాన్ టెట్రా జబ్బు. ప్లీస్టోఫోరా అనే సూక్ష్మ పరాన్నజీవి కండలో చేరుతుంది. రంగు ఒక్కచోట పాలిపోతుంది, నడుం వంగుతుంది, రాత్రిపూట మిగతావి ఒకచోట నిలబడితే ఇది తిరుగుతూనే ఉంటుంది. దీనికి మందు లేదు. చచ్చిన చేపని మిగతావి కొరుక్కు తింటే వాటికీ అంటుకుంటుంది. అందుకని అనుమానం వచ్చిన చేపని వెంటనే వేరు చెయ్యాలి, చచ్చినదాన్ని గంట కూడా ఉంచకూడదు. ఇలాగే తెల్ల మచ్చలు తెచ్చే బ్యాక్టీరియా జబ్బు ఇంకోటుంది, అది మందుకి తగ్గుతుంది. కాబట్టి మచ్చ కనిపించగానే ఆశ వదులుకోనక్కర్లేదు, వేరు చేసి చూడండి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వస్తే అది ఇక్ అనే జబ్బు, దాన్ని నయం చెయ్యొచ్చు. అయితే మాలకైట్ గ్రీన్ ఉన్న మందులు టెట్రాలకి పడవు. సీసా మీద టెట్రాలకి సగం మోతాదు అని రాసి ఉంటే దాన్ని పాటించండి.

కొత్తవాళ్ళు బెంబేలెత్తే విషయం ఇంకోటి. పొద్దున్నే లైటు వెయ్యగానే నియాన్ నీలి చార వెలిసిపోయి కనిపిస్తుంది. జబ్బు కాదు. చీకట్లో ఆ రంగు అలాగే దిగిపోతుంది, కాసేపట్లో మళ్ళీ వస్తుంది. గంట గడిచినా రాకపోతే అప్పుడు ఆలోచించాలి.

మేత గురించి ఒక్క మాట. నోరు చిన్నది, కాబట్టి మేతని వేళ్ళ మధ్య నలిపి పొడి చేసి వెయ్యండి. రోజుకి రెండుసార్లు, నిమిషంలో తినేసేంత. కింద పడ్డది ఇవి పెద్దగా ఏరుకోవు.

సీసాలు

ఇప్పుడు అసలు పనికొద్దాం. పిల్లల్ని తీద్దామనుకున్న రోజున చేపల వైపు చూడకండి, రెండు మూడు గాజు సీసాలు కడిగి పెట్టుకోండి.

సీసాలో ముప్పావు వంతు పాత ట్యాంకు నీళ్ళు పోయండి. అందులో స్పాంజ్ ఫిల్టర్ పిండిన మురుగు నీళ్ళు కొంచెం, కాస్త పాత నాచు వెయ్యండి. ఉడకబెట్టిన ఆకుకూర ఆకు ఒకటి, అరచేతిలో సగం ఉన్నా చాలు, అందులో పడెయ్యండి. మూత బిగించకుండా పల్చటి గుడ్డ కట్టి, ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టండి. రెండో రోజుకి నీళ్ళు తెల్లగా మబ్బు పడతాయి, కంపు కొడతాయి. అది బ్యాక్టీరియా. చాలామంది ఇక్కడే పాడైపోయిందనుకుని పారబోస్తారు. పారబోయకండి. ఆ బ్యాక్టీరియాని తినే సూక్ష్మజీవులే మనకి కావాల్సినవి, అవి పెరిగేకొద్దీ నీళ్ళు మళ్ళీ తేటబడతాయి, కంపు తగ్గి తడి మట్టి వాసన వస్తుంది. అప్పుడు చీకట్లో సీసాకి పక్క నుంచి టార్చ్ వేసి, వెనక నల్ల కాగితం పెట్టి భూతద్దంతో చూడండి. సన్నటి దుమ్ము తనంతట తాను అటూ ఇటూ పోతూ కనిపిస్తుంది. నీళ్ళతో పాటు కొట్టుకుపోయేది దుమ్ము, ఎదురు పోయేది మేత. దీన్నే ఇన్ఫ్యుసోరియా అంటారు. మూడు నాలుగు రోజుల తేడాతో ఒక్కో సీసా మొదలుపెడితే ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందుకుంటుంది. తర్వాత రెండు మూడు రోజులకోసారి రెండు చుక్కల పాలు వేస్తే చాలు, అంతకు మించితే సీసా మళ్ళీ మురుగుతుంది.

మా ఇంట్లో ఈ సీసాలు కిటికీ పక్క అరలో ఉంటాయి. ఒక్కోదాని మీద తేదీ రాసిన చీటీ అంటిస్తాను. తేదీ లేకపోతే ఏది ఏ దశలో ఉందో రెండో వారానికే గందరగోళం అయిపోతుంది. ఆ చీటీ చూసి ఇంటికొచ్చినవాళ్ళు ఊరగాయ అనుకుంటారని మా అమ్మ నవ్వుతుంది. మూత తీస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఓపిక ఉంటే వినెగర్ పురుగులు కూడా పెంచండి. సగం యాపిల్ సైడర్ వినెగర్, సగం నీళ్ళు, ఒక యాపిల్ ముక్క, విత్తనంగా వెయ్యడానికి కొన్ని వినెగర్ పురుగులు. దట్టంగా పెరగడానికి నెల దాకా పడుతుంది, ఆ తర్వాత నెలల తరబడి పట్టించుకోకపోయినా బతికే ఉంటాయి. వాటిని తీయడం ఒక సరదా. పొడుగు మెడ ఉన్న సీసాలో మెడ మొదలయ్యేదాకా పురుగులు పెరిగిన ఆ వినెగర్ నీళ్ళు పోసి, మెడలో దూది కూరి, పైన మంచి నీళ్ళు పోస్తే గాలి కోసం పురుగులు దూది దాటి పైకొస్తాయి. మర్నాడు పై నీళ్ళు పిపెట్‌తో తీసుకోవడమే. ఇవి మంచి నీళ్ళలో కూడా చాలాసేపు బతికి, పిల్లలు ఉండే మధ్య నీళ్ళలోనే ఈదుతాయి. మేతగా వాడే ఇంకో రకం సన్నటి పురుగులు, మైక్రోవార్మ్‌లు, అలా కాదు, అడుక్కి పోతాయి. టెట్రా పిల్లలకి మొదటి రోజుల్లో అవి అందవు.

ఆర్టీమియా, అంటే బ్రైన్ ష్రింప్ అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల గుడ్లు, ఒక చిన్న డబ్బా ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. దాని అవసరం పిల్లలు ఈదిన వారం, పది రోజులకి వస్తుంది.

నీళ్ళు, చీకటి

గుడ్ల ట్యాంకు 15, 20 లీటర్లది చాలు. ఇసుక వద్దు, అలంకారాలు వద్దు. పాత ట్యాంకులో నెల రోజులు తిరిగిన స్పాంజ్ ఫిల్టర్ ఒకటి, గాలి బుడగ బుడగగా మాత్రమే వచ్చేలా.

పెద్ద చేపల నీళ్ళ విషయంలో ఎంత ఉదారంగా ఉన్నానో, ఇక్కడ అంత ఖచ్చితంగా ఉంటాను. గట్టి నీళ్ళలో నియాన్, కార్డినల్ గుడ్లు పెట్టినా అవి ఫలించవు, మర్నాటికి తెల్లబడిపోతాయి. ఆర్వో నీళ్ళు గానీ శుభ్రంగా పట్టిన వాన నీళ్ళు గానీ తీసుకుని, అందులో పెద్ద ట్యాంకు నీళ్ళు కొద్దిగా కలిపి, జీహెచ్, అంటే నీళ్ళ మొత్తం గట్టిదనం, దాని కొలతలో ఒకటి రెండు డిగ్రీలకి తేవాలి. పీహెచ్ అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య. ఎండిన బాదం ఆకు, మనం నీడ కోసం పెంచే పెద్దాకుల బాదం, ఒకటి రెండు వేసి మూడు రోజులు ఉంచితే నీళ్ళు లేత గోధుమ రంగుకి వస్తాయి, పీహెచ్ కొంచెం దిగుతుంది, బూజూ తక్కువ పడుతుంది. మెత్తటి నీళ్ళలో కేహెచ్ లేకపోవడం వల్లే ఆకు పని చేస్తుంది, గట్టి నీళ్ళలో ఎన్ని ఆకులేసినా రంగు వస్తుందే తప్ప పీహెచ్ కదలదు. బ్లాక్ స్కర్ట్‌కి, లెమన్‌కి ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, సగం ఆర్వో సగం మామూలు నీళ్ళతో కూడా పిల్లలొస్తాయి. వేడి నియాన్‌కి 24, 25, గ్లోలైట్‌కి 26, 27.

టెట్రాలకి తమ గుడ్లని తామే తినే అలవాటు ఉంది. పెట్టిన మరు నిమిషమే వెతుక్కుంటూ వస్తాయి. అందుకని అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ప్లాస్టిక్ జాలీ పరచాలి. జాలీ రంధ్రం చేప గుడ్డు జారేంత పెద్దదిగా, చేప దూరలేనంత చిన్నదిగా ఉండాలి. జాలీ మీద జావా మాస్ అనే నీటి నాచు మొక్క ఒక పెద్ద గుప్పెడు. మాస్ దొరక్కపోతే అక్రిలిక్ ఊలుతో కుచ్చు కట్టి, మరిగించి, రంగు దిగడం లేదని చూసుకుని వాడండి. నూలు దారం కుళ్ళుతుంది. చుట్టూ నల్ల కాగితం అంటించండి. నియాన్ గుడ్లకీ, అప్పుడే పుట్టిన పిల్లలకీ వెలుతురు పడదు.

జంట

ఆడ, మగ గుర్తుపట్టడానికి పక్క నుంచి కంటే పై నుంచి చూడటం తేలిక. ఆడది పొట్ట దగ్గర వెడల్పుగా కనిపిస్తుంది. నియాన్‌లో మగదాని నీలి చార తిన్నగా ఉంటుంది, ఆడదానికి పొట్ట ఉబ్బు వల్ల మధ్యలో వంగినట్టు ఉంటుంది. లెమన్ మగదాని కింది రెక్క అంచున నల్ల పట్టీ వెడల్పుగా ఉంటుంది. చాలా టెట్రా మగవాటికి ఆ కింది రెక్క మీద కంటికి కనపడని చిన్న కొక్కేలుంటాయి. వలతో పట్టినప్పుడు దారాలకి తగులుకునేది అవే. లాగి విడదీస్తే రెక్క చిరుగుతుంది. అందుకే నేను పారదర్శకమైన కప్పుతో నీళ్ళతో సహా ముంచి తీస్తాను.

ఎంచుకున్నవాటిని వారం, పది రోజులు ఆడ, మగ వేరువేరుగా ఉంచి బాగా మేపండి. పొడి మేత మీద గుడ్లు కట్టవని కాదు గానీ డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగులు, బ్రైన్ ష్రింప్, దోమ లార్వాలు పెడితే తేడా మీకే తెలుస్తుంది, ఆడదాని పొట్ట గుండ్రంగా నిండుతుంది.

సాయంత్రం చీకటి పడే వేళకి ఒక జంటనో, ఇద్దరు మగ, ఒక ఆడ చొప్పునో గుడ్ల ట్యాంకులోకి నెమ్మదిగా అలవాటు చేసి వదలండి. నీళ్ళకి నీళ్ళకి తేడా ఎక్కువ కాబట్టి సన్నటి గొట్టంతో చుక్కలు చుక్కలుగా గంట సేపైనా కలపాలి. మేత వెయ్యొద్దు. పైన గుడ్డ కప్పెయ్యండి. పొద్దున్నే గుడ్డ ఒక్కసారిగా తీయకుండా ఒక మూల మాత్రం ఎత్తి, గదిలో వెలుతురు తనంతట తాను వచ్చేలా వదిలెయ్యండి. తెల్లవారిన మొదటి ఒకటి రెండు గంటల్లోనే ఎక్కువగా గుడ్లు పెడతాయి.

గ్లోలైట్ జంటని ఆ వేళలో చూస్తే తెలుస్తుంది ఈ పని ఎందుకు చేస్తున్నామో. మగది ఆడదాని ముందుకొచ్చి ఆగి, రెక్కలన్నీ విప్పి వణుకుతుంది. ఆడది రెండుసార్లు తప్పించుకుపోతుంది. మూడోసారి రెండూ ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ మాస్‌లోకి దూరి, ఒక ఆకు కిందో కొమ్మ కిందో ఒక్క క్షణం పొట్టలు పైకి వచ్చేలా కలిసి దొర్లుతాయి. ఆ దొర్లుడులో గుడ్లు రాలతాయి, కొన్ని మాస్‌కి అంటుకుంటాయి, కొన్ని జాలీ కిందికి జారతాయి. అంత ప్రేమా అయ్యాక తిరిగి తిన్నగా లేచి, అదే ఆడది కిందికి చూసుకుంటూ గుడ్ల కోసం వెతకడం మొదలుపెడుతుంది. ఇలా మళ్ళీ మళ్ళీ, రెండు మూడు గంటలు.

మూడో పొద్దుకి కూడా గుడ్లు పెట్టకపోతే తీసేసి, మళ్ళీ మేపి రెండు వారాలాగి ప్రయత్నించండి. దానికి ముందు రెండో రోజు సాయంత్రం ఒకసారి, ట్యాంకు నీళ్ళ కంటే రెండు డిగ్రీలు చల్లటి ఆర్వో నీళ్ళు పదో వంతు మార్చి చూడొచ్చు. వాన పడిందనుకుంటాయో ఏమో, మర్నాడు పని జరగడం చాలాసార్లు చూశాను.

గుడ్ల నుంచి ఈత దాకా

గుడ్లు పెట్టడం ఆగగానే పెద్దవాటిని తీసెయ్యండి. జాలీ, మాస్ నీళ్ళలోనే మెల్లగా ఆడించి, గుడ్లు రాలాక జాలీ తీయండి. టార్చ్ పక్క నుంచి ఒక్క క్షణం వేస్తే అడుగున మిల్లీమీటరంత గుడ్లు గాజు పూసల్లా మెరుస్తాయి. ఫలించనివి కొన్ని గంటల్లో తెల్లబడతాయి, వాటిని పిపెట్‌తో ఏరెయ్యండి. లేకపోతే వాటి బూజు పక్కవాటికి పాకుతుంది. బాదం ఆకు సరిపోకపోతే నీళ్ళు లేత నీలంగా మారేంత మిథిలీన్ బ్లూ అనే బూజు మందు వెయ్యొచ్చు. అయితే అది మన ఇన్ఫ్యుసోరియాని కూడా చంపుతుంది, కాబట్టి పిల్లలు ఈదే నాటికి నీళ్ళు మార్చి పల్చన చెయ్యాలి.

మర్నాటికి గుడ్లు మాయమవుతాయి. తిన్నదెవరూ లేరు, పొదిగాయి. పిల్లలు అద్దానికీ మాస్‌కీ అంటుకుని వేలాడుతుంటాయి. మూడు మిల్లీమీటర్లు, అంతా పారదర్శకం, కొన్నిసార్లు కనిపించేది కళ్ళే. పొట్ట కింద పచ్చసొన సంచి ఉన్నన్నాళ్ళు మేత అక్కర్లేదు. వేస్తే నీళ్ళు పాడవుతాయి. వేలాడటం మాని అడ్డంగా ఈదిన రోజు నుంచి మేత.

ఈ దశలో రోజుకి మూడు నాలుగు సార్లు, సీసాలోంచి పిపెట్‌తో కొంచెం కొంచెం. ఎంత వెయ్యాలో లెక్క చెప్పలేను. టార్చ్ వేసి చూస్తే పిల్లల చుట్టూ ఎప్పుడూ కదిలే దుమ్ము కనిపిస్తుండాలి. భూతద్దంతో పొట్ట చూడండి, తిన్నదాని పొట్ట బూడిద రంగులో గుండ్రంగా ఉంటుంది, తిననిదాని పొట్ట వెన్నుకి అంటుకుపోయి ఉంటుంది. ట్యాంకు ఒక మూల చిన్న మసక వెలుగు పెడితే మేతా అక్కడికే చేరుతుంది, పిల్లలూ అక్కడికే చేరతాయి. ఒక మూల నుంచి ఇంకో మూలకి వెతుక్కుంటూ తిరిగే శక్తి వాటికి ఉండదు. గాలి బుడగలు ఇంకా తగ్గించండి.

వారం, పది రోజులకి ఆర్టీమియా. లీటరు నీళ్ళకి 25 గ్రాముల ఉప్పు, చిటికెడు వంట సోడా, 26 నుంచి 28 డిగ్రీల వేడి, పైన వెలుతురు, కింద నుంచి గట్టిగా గాలి. ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుక్కి దిగుతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు వైపు పోగవుతాయి. అక్కడి నుంచి గొట్టంతో తీసి, సన్నటి గుడ్డలో వడకట్టి, మంచి నీళ్ళతో కడిగి వెయ్యండి. పెంకులు పడకూడదు. పొదిగిన కొన్ని గంటల్లోనే వేస్తే పోషకం ఎక్కువ, మర్నాటికి వాటి ఒంట్లో సత్తువ సగం అవి వాడేసుకుంటాయి. మొదటి రెండు మూడు రోజులు ఇన్ఫ్యుసోరియా ఆపకండి, అన్ని పిల్లలూ ఒకేసారి పెద్ద మేతకి మారవు. ఎవరి పొట్ట నారింజ రంగుకి మారిందో చూస్తే చాలు. ఆ రంగు పొట్టలో కనిపించిన పిల్ల ఇక చాలామటుకు బతికినట్టే.

అడుగు శుభ్రం చెయ్యడానికి ఎయిర్ పంప్ గొట్టంతో సన్నగా లాగి తెల్ల గిన్నెలోకి పట్టండి. కొట్టుకొచ్చిన పిల్లలు తెల్ల అడుగు మీద కనిపిస్తాయి, చెంచాతో తిరిగి వెయ్యొచ్చు. రెండు మూడు చిన్న నత్తలుంటే మిగిలిన మేత సంగతి అవే చూసుకుంటాయి, కానీ గుడ్లు పొదిగాకే వెయ్యండి. మార్చే నీళ్ళు మొదట్లో అదే మెత్తటి నీళ్ళు, రోజుకి పదో వంతు, చుక్కలు చుక్కలుగా. మూడో వారం దాటాక పెద్ద ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చెయ్యాలి. నియాన్ పిల్లలకి నెల దగ్గర పడుతుంటే నీలి గీత మొదలవుతుంది, ఎరుపు తర్వాత వస్తుంది.

ఇదంతా పెట్టుకునే తీరిక లేనివాళ్ళకి ఒక బద్ధకపు మార్గం ఉంది. ఎంబర్‌లని మాత్రమే, వేరే ఏ చేపా లేకుండా, మాస్‌తో సగం నిండిన పాత ట్యాంకులో వదిలెయ్యండి. పాత మాస్‌లో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, పెద్దవాటికి దొరక్కుండా దాక్కునే చోటూ ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు గోరంత లేని పిల్ల ఒకటి పెద్దవాటి మధ్య తిరుగుతూ కనిపిస్తుంది. వందలు రావు, నాలుగైదు వస్తాయి. నాకు ఇదీ ఇష్టమే.

పిల్లల్ని పెద్ద ట్యాంకులోకి మార్చేది ఒకటిన్నర సెంటీమీటర్లు దాటాక, అంటే రెండు మూడు నెలలకి. అప్పటికి పెద్దపిల్లలు, పొట్టిపిల్లలు తేడా బాగా వస్తుంది. పొట్టివాటిని వేరే చోట మేపితే అందుకుంటాయి, కలిపి ఉంచితే మేత వాటిదాకా రాదు. బ్లాక్ స్కర్ట్ ఒక్కసారి గుడ్లు పెడితేనే మీ ఇంట్లో పట్టనన్ని పిల్లల్ని ఇస్తుంది, కాబట్టి గుడ్లు పెట్టించే ముందే తెలిసినవాళ్ళనీ షాపువాళ్ళనీ ఎన్ని తీసుకుంటారో అడిగి పెట్టుకోండి. రంగు పూర్తిగా రాని పిల్లల్ని షాపులో ఎవరూ తీసుకోరు. వాటిని ఇంకో నెల మేపే చోటు మీ దగ్గర ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.